గోడ దగ్గరి స్విచ్చి

బుజ్జి అంటే చిన్నపిల్ల అనుకునేరు. యాభై దాటిన మనిషి. మెట్లెక్కితే మోకాళ్లు పట్టేస్తాయి, కళ్లజోడు ఎక్కడ పెట్టిందో వెతుక్కోవడానికి ఇంకో కళ్లజోడు కావాలి. ఆమెను ఆ పేరుతో పిలిచే మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉండేది, అక్క. కిందటి చలికాలంలో అక్క పోయింది. ఆమెతోపాటే ఆ పేరూ పోయింది. ఆఫీసువాళ్లకి ఆమె మేడమ్, మరదలికి వదిన, మెట్ల మీద ఎదురయ్యేవాళ్లకి మూడో అంతస్తు ఆవిడ. పిలిచేవాళ్లు ఎటూ లేరు గనక మనమైనా బుజ్జి అనే పిలుద్దాం, పోయేదేముంది.

ఆసుపత్రుల్లో డాక్టర్లు రోగిని చూశాక, ఏం చూశారో ఏం తేల్చారో నోటితో చెప్పి రికార్డు చేస్తారు. అవన్నీ రాత్రి బుజ్జి కంప్యూటర్లోకి వచ్చి పడతాయి. తెల్లారగట్ల లేచి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఆ మాటలన్నీ టైపు చేసి తొమ్మిదిలోగా పంపాలి. ఇరవై ఏళ్లుగా అదే పని. ఒక డాక్టరు మాటమాటకీ గొంతు సవరించుకుంటాడు. ఒకావిడ ఏదో చప్పరిస్తూ చెబుతుంది. ఇంకొకాయన వాక్యం మధ్యలో ఎవరినో కసిరి, మళ్లీ తాపీగా కాలేయం దగ్గరికి వస్తాడు. వాళ్లకి జలుబు చేస్తే వాళ్లింట్లోవాళ్లకన్నా ముందు బుజ్జికే తెలుస్తుంది. తగ్గిందా అని అడగడానికి మాత్రం దారి లేదు. ఆమె అనే మనిషి ఒకతి ఉందని వాళ్లకి తెలియదు.

అక్క ఉన్నప్పుడు ఇది బాధ అనిపించలేదు. తొమ్మిదికి హెడ్‌ఫోన్స్ తీసేసరికి వంటింట్లో గిన్నెల చప్పుడు ఉండేది. ఇప్పుడు హెడ్‌ఫోన్స్ తీస్తే ఏమీ వినబడదు. అందుకని పని అయిపోయాక కూడా కాసేపు వాటిని తలకే ఉంచుకునేది, శబ్దం లేకపోవడానికి ఒక కారణం ఉన్నట్టుంటుందని.

ఆ కంప్యూటర్ దుకాణంలో అట్టపెట్టెతో కొన్నది కాదు. రెండు వీధుల అవతల, ఒక మెట్ల కింద గదిలో విడిభాగాలు కూర్చి కంప్యూటర్లు తయారుచేసే ఆయన ఉన్నాడు. ఆయన దగ్గర చేయించినది. అక్క ఆయనకి పెట్టెల మేస్త్రి అని పేరు పెట్టింది. మనిషి మంచివాడే గానీ నోరు ఆగదు, తాను చేసిన పెట్టెను ఎవరైనా ఒక మాటంటే ఒప్పుకోడు. కొన్నాళ్లకి పెట్టె మందగించిందంటే, లోపల ఉన్న మెమరీ పలకకి, అదే ర్యామ్ అంటారే, దానికి తోడు వేరే కంపెనీ పలక ఇంకొకటి తెచ్చి పక్కన గుచ్చాడు. ఆ రెంటికీ మొదట్లో పడలేదు. 'ఇద్దరు సవతుల్ని ఒకే గదిలో పెట్టానమ్మా, సర్దిచెప్పాలి' అని నవ్వి, లోపల ఏవో సెట్టింగులు మార్చి వేగం కాస్త తగ్గించాక అవి కిక్కురుమనకుండా కాపురం చేశాయి.

ఇక అక్క సంగతి. అక్క బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా చేసింది. ఒక సాయంత్రం తాళం వేసి ఇంటికి వచ్చాక, ఎవరో ఆపడం మర్చిపోయిన ఒక స్విచ్చి వల్ల గోడౌను అంటుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. విచారణలో అక్క తప్పు లేదన్నారు. అందరూ లేదన్నా అక్క మాత్రం తనను తాను వదల్లేదు. అప్పట్నుంచి రాత్రి పడుకోబోయే ముందు ఇల్లంతా తిరిగి గోడ దగ్గరి స్విచ్చిలన్నీ ఒక్కొక్కటే ఆపేది. వంటింటి నుంచి మొదలుపెట్టి టక్, టక్ మనుకుంటూ హాలు దాకా వచ్చేది. పొద్దున బుజ్జి కన్నా ముందే లేచి, అదే వరసలో అన్నీ వేసుకుంటూ వచ్చేది. ఫ్రిజ్ ఒక్కదాన్నే వదిలేది, అదీ పాలు విరిగాయని ఎండాకాలమంతా బుజ్జి సణిగాక.

ఈ స్విచ్చిల మీదే అక్కచెల్లెళ్లకి ఒక పెద్ద గొడవ అయింది. కొత్త కంప్యూటర్ వచ్చిన మొదటి ఏడాది, బుజ్జి ఒక పొడుగాటి ఫైలు పంపడానికి పెట్టి నిద్రపోయింది. అక్క వచ్చి టక్కుమని ఆపింది. ఫైలు పోలేదు సరికదా, చేసిన పని సగం పోయింది. తెల్లారి బుజ్జి నోటికి అడ్డూ అదుపూ లేకుండా పోయింది. "నీ ఫ్యాక్టరీ నిప్పు తెచ్చి నా నెత్తిన పెట్టకు" అంది. అనకూడని మాట. ఆ రాత్రి కూడా అక్క నడిచింది, బుజ్జి గదిలో పడుకుని వింటూనే ఉంది. హాల్లో కంప్యూటర్ మూల దగ్గర టక్కుమంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే రకం అని పళ్లు కొరుక్కుంది.

ఆ రాత్రే అక్క తన మంచాన్ని ఇద్దరూ పడుకునే గదిలోంచి హాల్లోకి లాక్కుంది. గాలి బాగా వస్తుందట. హాల్లో గాలి ఎంత వస్తుందో బుజ్జికి తెలియదా? తన పక్కన పడుకోవడం ఇష్టం లేక వెళ్లిపోయిందని అర్థమైంది. మర్నాడు ఇద్దరూ మామూలుగానే మాట్లాడుకున్నారు, టీ తాగారు, అంతా సర్దుకుంది. మంచం మాత్రం తిరిగి గదిలోకి రాలేదు. ఏళ్లు గడిచాయి. లోపలికి రా అక్కా అని అడగాలని బుజ్జికి ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. అడిగితే రానంటుందేమోనని భయం. నవ్వులాటగా 'మా ఇంటి వాచ్‌మన్' అని వెక్కిరించి ఊరుకునేది.

అక్క గుండె జబ్బుతో ఆసుపత్రిలో పడింది. మాట తడబడుతున్నప్పుడు కూడా బుజ్జి చెయ్యి పట్టుకుని స్విచ్చిలు జాగ్రత్త అంది. ఇంకేదో చెప్పబోయింది గానీ ఆయాసం రానివ్వలేదు.

అందుకని అక్క పోయాక బుజ్జి ఆ పనిని నెత్తిన పెట్టుకుంది. రోజూ రాత్రి వంటింటి నుంచి మొదలుపెట్టి హాలు దాకా అన్నీ ఆపింది. కంప్యూటర్ మూలకి వచ్చి, టేబుల్ లైటు స్విచ్చీ దాని పక్కనున్న కంప్యూటర్ స్విచ్చీ రెండూ ఆపింది. ఒకప్పుడు విసుక్కున్న ఆ చప్పుడే ఇప్పుడు అక్క ఇంట్లో తిరుగుతున్నట్టు ఉండేది.

ఆ తర్వాత కొద్ది రోజులకే తెర నల్లబడింది.

పొద్దున బటన్ నొక్కితే పెట్టెలో ఫ్యాను తిరుగుతుంది, ముందు దీపం వెలుగుతుంది, తెర మీద మాత్రం ఏమీ రాదు. సిగ్నల్ లేదని ఒక ముక్క చూపించి తెర కూడా నిద్రపోతుంది. బుజ్జి తెలిసినవన్నీ చేసింది. తెర కేబుల్ ఊడదీసి మళ్లీ పెట్టింది, కేబుల్ మార్చింది, బటన్ నొక్కిపట్టి ఆపి మళ్లీ వేసింది. అలా తలప్రాణం తోకకి వచ్చాక, ఏ పుణ్యానో ఒకసారి వెలుగుతుంది. ఒకసారి వెలిగిందంటే ఇక ఆ రోజంతా ఏ పేచీ లేదు. మర్నాడు పొద్దున మళ్లీ మొదలు.

ఇందులో ఇంకో సంగతి ఉంది, అది బుజ్జి ఎవరికీ చెప్పలేదు. అలా వెలిగినప్పుడు, ఇంటర్నెట్ అందుకునేలోపు, తెర కింది మూల తారీఖు తప్పుగా ఉండేది. ఏళ్ల కిందటి జనవరి ఒకటి. ఆ పెట్టె ఇంటికి వచ్చిన సంవత్సరం. మొదటిసారి తన కళ్లదే తప్పనుకుంది. రెండోసారి కళ్లజోడు తుడుచుకుని చూసింది. ఆ సంవత్సరంలో అక్క ఉంది. మంచం ఇంకా లోపలి గదిలోనే ఉంది. టీ చల్లారిపోతోందని వంటింట్లోంచి అక్క కేకేసే సంవత్సరం అది. నాలుగు గుక్కలు తాగేంతసేపు ఆ తారీఖు అలా ఉండి, ఉన్నట్టుండి ఇవాళ్టికి మారిపోయేది. తెర వెలగలేదని ఏడుపు వస్తున్నప్పుడు కూడా బుజ్జి ఆ కాసేపటి కోసం ఎదురుచూసేది. చెబితే పెట్టెల మేస్త్రి దాన్ని కూడా బాగుచేసేస్తాడని ఆమె భయం.

మేస్త్రి మొదటిసారి మధ్యాహ్నం వచ్చాడు. పక్క రేకు విప్పి, మెమరీ పలకలు ఊడదీసి, వాటి అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్లీ గుచ్చి బటన్ నొక్కాడు. తెర ఠక్కున వెలిగింది. దుమ్మమ్మా, అంతా దుమ్ము అని చెప్పి, దుమ్ము మీద ఒక ఉపన్యాసం ఇచ్చి వెళ్లాడు. తెల్లారేసరికి మళ్లీ చీకటి. రెండోసారి పెట్టెను దుకాణానికే మోసుకెళ్లి కొన్నాళ్లు ఉంచుకున్నాడు. తెచ్చిన రోజు కాస్త మొరాయిస్తే దారిలో కుదుపులకనుకున్నాడు, ఆ తర్వాత రోజూ పొద్దున వేశాడు, రోజూ వెలిగింది. వైద్యుడు గుమ్మంలోకి రాగానే నొప్పి తగ్గినట్టు ఉంది దాని వాలకం. తిరిగి తెచ్చిచ్చి, పెట్టెలో లోపం లేదు, మీ ఇంట్లోనే ఏదో ఉందన్నాడు. పుండు మీద కారం చల్లినట్టయింది బుజ్జికి.

ఈలోగా ఆఫీసులో ఓపిక అయిపోయింది. రిపోర్టులు ఆలస్యమైతే అక్కడ డాక్టరు చేతులు కట్టుకు కూర్చోవాలి, వాళ్ల తప్పు లేదు. అక్కడి మేనేజరమ్మ నెమ్మదిగానే చెప్పింది, ఇంకొక్క పొద్దున ఆలస్యమైనా మీ డాక్టర్లని వేరేవాళ్లకి ఇచ్చేస్తామని. తమ్ముడు ముందునుంచీ ఫోన్లో ఒకటే పాట పాడుతున్నాడు, ఒక్కదానివీ ఆ ఇంట్లో ఏం చేస్తావు, ఇల్లు ఖాళీ చేసి మా దగ్గరికి వచ్చెయ్యమని. వాళ్లింట్లో పిల్లల గదిలో ఒక మూల మంచం వేస్తాడట. మంచి మనసుతోనే అన్నాడు. పని ఉన్నన్నాళ్లూ, నాకు కుదరదు, పనుంది అని చెప్పగలిగింది. పని పోతే ఆ మాట చెప్పడానికి ఉండదు. ఈ ఇల్లు పోతుంది, హాల్లోని ఖాళీ మంచం పోతుంది, రాత్రి టక్ టక్‌లు పోతాయి. ఆ నల్లటి తెర ముందు కూర్చున్నప్పుడల్లా బుజ్జికి కనబడేది ఇదే.

చివరికి మేస్త్రికి ఫోన్ చేసి, వెలిగాక వచ్చి లాభం లేదు, వెలగనప్పుడే వచ్చి చూడమంది. ఆయన గొణుక్కుంటూ తెల్లారుతుండగా వచ్చాడు. బటన్ నొక్కాడు. నలుపు. ఆపి నొక్కాడు. నలుపు. కేబుల్ మార్చాడు, తెర మార్చి చూద్దామని తన సంచిలోంచి చిన్న తెర తీసి తగిలించాడు, అందులోనూ నలుపే. నోరు ఆగని మనిషి నోరు ఆగింది. గడియారం వంక చూడకుండా బుజ్జి టీ పెట్టి తెచ్చింది. కప్పు అందిస్తుండగా తెర వెలిగింది.

"హమ్మయ్య" అంది బుజ్జి. ఆ సంబరంలో నోరు జారింది. "ఉండండి, ఇప్పుడు కాసేపు పాత తారీఖు చూపిస్తుంది. తర్వాత అదే సర్దుకుంటుంది."

మేస్త్రి కప్పు కింద పెట్టేశాడు. "ఏం తారీఖు?"

ఆమె వేలితో చూపించింది. ఆయన వంగి చూశాడు. జనవరి ఒకటి, పాత సంవత్సరం. చూస్తుండగానే అది మారిపోయింది.

"రోజూ ఇంతేనా? ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

చెప్పాలనిపించలేదంది. ఆయన రెట్టించలేదు. తన తప్పూ ఉందని ఆయనకి తెలుసు, ఇన్నిసార్లు పెట్టె విప్పి ఒక్కసారి కూడా లోపలి గడియారం వంక చూడలేదు. పెట్టె ఆపి, రేకు విప్పి, బోర్డు మీద నాణెం లాంటి చిన్న బిళ్ళ బ్యాటరీని గోటితో పైకి లేపాడు. మీటరు ముల్లు ఆనించాడు. అంకె కదల్లేదు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు ఆ బిళ్ళను అరచేతిలో పెట్టుకుని కాసేపు చూశాడు. అప్పుడు విడమరిచి చెప్పాడు. గోడ నుంచి కరెంటు అందుతున్నంతసేపూ పెట్టె ఆపినా దానికి తన సెట్టింగులు గుర్తుంటాయి. గోడ దగ్గర కరెంటు ఆపేస్తే, వాటిని గుర్తుంచుకునే బాధ్యత ఈ బిళ్ళది. బిళ్ళ చచ్చింది గనక, రాత్రి గోడ స్విచ్చి ఆపగానే తారీఖూ మరిచిపోతోంది, సవతులకి తాను సర్దిచెప్పిందీ మరిచిపోతోంది. పొద్దున అవి రెండూ కొట్టుకుంటుంటే ఇక తెర ఎలా వెలుగుతుంది? నాలుగైదుసార్లు ఆపి వేశాక పెట్టే తనంతట తాను వేగం తగ్గించుకుని ఎలాగో లేస్తోంది. దుకాణంలో గోడ స్విచ్చి ఎవరూ ఆపరు, అందుకే అక్కడ బుద్ధిగా ఉంది.

"మా ఇంట్లో ఎప్పుడూ ఆపుతాం కదండీ" అంది బుజ్జి. "ఇప్పుడు నేను. ఇదివరకు అక్క. ఏనాడూ ఇలా అవలేదు."

మేస్త్రి బిళ్ళను తిప్పి అంచు చూపించాడు. తుప్పు పట్టి పచ్చగా ఉంది. "ఇది నేను మొదట్లో పెట్టిందే. చచ్చి రెండు మూడేళ్లు దాటింది. అప్పట్నుంచీ రోజూ ఆపి ఉంటే ఈ గోల అప్పుడే మొదలయ్యేది. మధ్యలో ఎప్పుడైనా కరెంటు పోయినప్పుడు మొరాయించిందా?"

మొరాయించింది. ఒకసారి పెద్ద గాలివాన వచ్చి కరెంటు పోయిన మర్నాడు అచ్చం ఇలాగే చేసింది, బుజ్జికి ఇప్పుడు గుర్తొచ్చింది.

"అంతేనమ్మా. మీ అక్కగారు ఈ స్విచ్చి ఆపలేదు."

"ఆపేది. టక్కుమని రోజూ నాకు వినబడేది."

"వినబడితే వినబడి ఉంటుంది. ఇది మాత్రం ఆపలేదు."

ఆయన సంచిలోంచి కొత్త బిళ్ళ తీసి పెట్టాడు, సెట్టింగులు సరిచేశాడు, తారీఖు దిద్దాడు. ఇక హాయిగా గోడ దగ్గర ఆపుకోవచ్చని చెప్పి, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి వెళ్లిపోయాడు. బుజ్జి కుర్చీలోంచి చెయ్యి చాపి, గోడ మీద టేబుల్ లైటు స్విచ్చిని ఆపింది. టక్. అదే చప్పుడు. ఇన్నేళ్లూ గదిలోంచి పళ్లు కొరుకుతూ విన్నది దీన్నే. పక్కనున్న రెండో స్విచ్చి జోలికి, గొడవ జరిగిన రాత్రి నుంచీ అక్క పోలేదు. పొద్దున అన్నీ వేసేది తనే గనక ఎవరికీ తెలియనివ్వలేదు. ఒప్పుకుంటే పంతం పోతుందనుకుందో, మళ్లీ ఆ మాట అనిపించుకోవడం ఇష్టం లేకపోయిందో, కడుపులోనే దాచుకుంది.

ఎనిమిది కావస్తోంది. బుజ్జి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని టైపు చెయ్యడం మొదలుపెట్టింది. కసిరే డాక్టరు కాలేయం గురించి చెబుతున్నాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మధ్యలో కళ్లజోడు తుడుచుకోవడానికి తల తిప్పితే హాల్లో అక్క మంచం కనబడింది. తలగడ అవతలి చివర ఉంది. ఆ తలగడ మీద తల పెట్టుకుంటే ఎదురుగా కనబడేది ఫ్యానూ కాదు, కిటికీ కాదు. ఈ మూల. ఈ గోడ. ఆపకుండా వదిలేసిన ఈ ఒక్క స్విచ్చి.

ఒక స్విచ్చి ఆపకపోతే ఇల్లు కాలిపోతుందని నమ్మిన మనిషి, చెల్లెలి కోసం దాన్ని వదిలేసి, దానికి కాపలాగా ఇన్నేళ్లు హాల్లో పడుకుంది. తన మీద అలిగి వెళ్లిపోయిందని బుజ్జి అన్నేళ్లూ అటు తిరిగి పడుకుంది. లోపలికి రా అక్కా అని ఒక్కసారి అడిగినా ఈ సంగతి బయటపడేదేమో. వెక్కిరించిందే గానీ అడగలేదు. చెవుల్లో డాక్టరు ఎవరినో కసురుతుంటే బుజ్జి వెక్కి వెక్కి ఏడ్చింది, ఏడుస్తూనే టైపు చేసింది.

తొమ్మిది కొట్టకముందే రిపోర్టులు వెళ్లాయి. అందాయి అని ఆఫీసు నుంచి ఒక్క ముక్క వచ్చింది. సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేసి, నాకు కుదరదురా, పనుంది అని చెప్పింది. మిగతాది కూడా చెబుదామనుకుంది గానీ, స్విచ్చి గురించి మొదలుపెట్టి మంచం దాకా రావడానికి ఫోన్లో మాటలు సరిపోవనిపించింది. అవతల పిల్లల గోల, టీవీ గోల. ఉంటానని పెట్టేసింది.

పడుకోబోయే ముందు వంటింటి నుంచి బయల్దేరి అన్నీ ఆపుకుంటూ హాల్లోకి వచ్చింది. టేబుల్ లైటు ఆపింది. రెండో స్విచ్చి మీద వేలు పెట్టి ఆగింది. ఇప్పుడిది ఆపినా ఏమీ కాదు, బిళ్ళ కొత్తది. అక్క ఆపాలనుకుని ఇన్నేళ్లూ ఆపకుండా ఉన్న స్విచ్చి.

"ఇక పడుకో అక్కా" అని ఆపేసింది. 'సరే బుజ్జీ' అనడానికి ఎవరూ లేరు.

మర్నాడు తెల్లారగట్ల స్విచ్చి వేసి బటన్ నొక్కింది. తెర మొదటిసారికే వెలిగింది. బుజ్జి ముందు కింది మూల చూసింది. ఇవాళ్టి తారీఖు ఉంది. ఇంటర్నెట్ ఇంకా రాలేదు, అయినా ఇవాళ్టిదే. కొంచెం సేపు అలా చూస్తూ కూర్చుంది. అది మారలేదు. హెడ్‌ఫోన్స్ తలకి తగిలించుకుంది. మొదటి ఫైలు తెరవగానే గొంతు సవరించుకునే డాక్టరు గొంతు సవరించుకున్నాడు. జలుబు చేసినట్టుంది.